సౌర ఘటం

సౌర ఘటం సూర్యకాంతిని నేరుగా విద్యుత్తుగా మార్చే సాధనం. వాడుకలో సోలార్ సెల్ అంటారు. ఇందులో ఆవిరి లేదు, తిరిగే చక్రం లేదు. ఇది ఎండ వేడితో పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి దీనికి కావలసింది వెలుగే. వేడి దీనికి గిట్టదు.

కాంతి సోకితే విద్యుత్తు పుట్టడాన్ని 1839లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎడ్మండ్ బెక్వెరెల్ గమనించాడు. పనికొచ్చే సిలికాన్ ఘటానికి మాత్రం 1954 దాకా ఆగాల్సి వచ్చింది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ తయారుచేసిన ఆ ఘటం తన మీద పడిన కాంతిలో సుమారు 6 శాతాన్ని విద్యుత్తుగా మార్చింది. నాలుగేళ్లకే వాన్‌గార్డ్-1 ఉపగ్రహంతో సౌర ఘటాలు అంతరిక్షానికి చేరాయి.

సిలికాన్ పరమాణువు బయటి కక్ష్యలో 4 ఎలక్ట్రాన్లుంటాయి. అవన్నీ పొరుగు పరమాణువులతో బంధాల్లో చిక్కుకుని ఉంటాయి. ఘటంలో ఒక పొరకు రవ్వంత భాస్వరం కలుపుతారు. దాని బయటి కక్ష్యలో 5 ఎలక్ట్రాన్లు కాబట్టి ఒకటి మిగులు. రెండో పొరకు బోరాన్ కలుపుతారు. దానికి ఉన్నవి 3, కాబట్టి ఒక ఖాళీ. ఆ ఖాళీనే రంధ్రం అంటారు. రెండు పొరలు కలిసేచోట మిగులు ఎలక్ట్రాన్లు కొన్ని అవతలి రంధ్రాల్లోకి చేరతాయి. దాంతో భాస్వరం వైపు అంచు ధనావేశాన్ని, బోరాన్ వైపు అంచు రుణావేశాన్ని పొంది, మధ్యలో విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. ఘటానికి ప్రాణం సంధి అనే ఈ సన్నని సరిహద్దే. కాంతి కణమైన ఫోటాన్ తాకి బంధం తెంచినప్పుడు విడుదలైన ఎలక్ట్రాన్‌ను ఈ క్షేత్రం భాస్వరం వైపుకు, రంధ్రాన్ని బోరాన్ వైపుకు తోస్తుంది. రెండు వైపులనూ బయట తీగతో కలిపితే కరెంటు పారుతుంది.

బంధం తెంచడానికి దాదాపు 1.1 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. అంతకు తక్కువ శక్తి ఉన్న ఫోటాన్ వృథాగా పోతుంది, ఎక్కువ ఉంటే ఆ మిగులు వేడిగా మారుతుంది. అందువల్లే ఒకే సంధి ఉన్న ఘటం కాంతిలో మూడో వంతుకు మించి వాడుకోలేదని శాస్త్రవేత్తలు షాక్లీ, క్వైసర్ 1961లో లెక్కగట్టారు.

ఒక్కో ఘటం ఇచ్చేది సుమారు 0.6 వోల్టులే. అందుకే 60 లేదా 72 ఘటాలను వరుసగా కలిపి పలక చేస్తారు. వచ్చే ఏకముఖ విద్యుత్తును ఇన్వర్టర్ ఇంటి వాడకానికి తగినట్టు మారుస్తుంది.

పలక సామర్థ్యాన్ని 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలుస్తారు. ఆపైన పెరిగే ప్రతి డిగ్రీకి ఉత్పత్తి 0.3 నుంచి 0.5 శాతం దాకా తగ్గుతుంది. మన నడివేసవిలో పలక 60 డిగ్రీలకు కాగితే పదో వంతుకు పైగా నష్టమే. నీటిపై తేలే పలకలకు కింది నీటి చల్లదనం కొంత మేలు చేస్తుంది. బొగ్గు కరెంటుకు పేరుపడ్డ రామగుండంలోనే ఎన్‌టీపీసీ జలాశయంపై అలాంటి 100 మెగావాట్ల కేంద్రం 2022 నుంచి పూర్తిస్థాయిలో నడుస్తోంది.