కళింగ నామమునకు ద్వీపాంతరములందు గలిగిన గతి

మలేషియా దేశమున దక్షిణ భారతీయుని దూషింపగోరినవాడు "కెలింగ్" అను నొక్క మాటతో పని ముగించుకొనును. ఆ మాట ననిపించుకొనినవాడు తమిళుడైనను, మళయాళియైనను, తెలుగువాడైనను దానిని సహింపడు. సభ్యులైన మలయులును దానిని ఒరుల ముఖముమీద పలుకుటకు సంకోచింతురు. ఇట్టి తిట్టునకు మూలము మన కళింగ శబ్దమే యని వినినపుడు మహాసభకు విచ్చేసిన సోదరులలో పెక్కుమందికి ఆశ్చర్యము కలుగక మానదు. కళింగపట్టణము శ్రీకాకుళ మండలమున నేటికిని గలదు. కళింగ నామమును ధరించి, అది తమకు గౌరవమని తలంచు కులములును మన సీమయందు గలవు. ఇంట గౌరవమైన పేరు పొరుగున నిందయైన విధమును విచారించుట అప్రస్తుతము కాదని తలంచి యీ వ్యాసమును సభ్యుల యెదుటను, పోషక మహాశయుల యెదుటను ఉంచుచున్నాము.

పాణిని కళింగ శబ్దమును మగధ శబ్దముతో చేర్చి, దానినుండి కాళింగ రూపము సిద్ధించు విధమును సూత్రించెను. కావున ఆ జనపదము వైయాకరణులకు సుపరిచితమే. బౌధాయన ధర్మసూత్రము మాత్రము కళింగమునకు పోయివచ్చినవానికి ప్రాయశ్చిత్తము విధించినది. అచట కాలు మోపినవాడు పాదములచేత పాపము చేసినవాడట! ఉత్తరదేశపు శిష్టులకు మన తీరమునందు గల శంక యట్టిది. అశోకుడు తన 13వ శిలాశాసనమున కళింగయుద్ధములో 1,00,000 మంది హతులైరనియు, 1,50,000 మంది చెరగొనిపోబడిరనియు చెప్పుకొని పశ్చాత్తాపపడెను. తరువాత కాళిదాస మహాకవి, ఇందుమతీ స్వయంవర ఘట్టమున, కళింగనాథుని మహేంద్రగిరికిని మహాసముద్రమునకును ప్రభువుగా నిలువబెట్టెను. ప్రాయశ్చిత్తపు దేశము మహాకవి నోట సముద్రాధిపతి దేశమైనది. ముఖలింగము రాజధానిగా గాంగరాజులు ఆ బిరుదమును నిలుపుకొనిరి.

సముద్రమునకు ఆవలి యొడ్డున ఈ పేరు ఎట్లు వినబడెనో చూతము. జావాద్వీపమును 11వ శతాబ్దియందు పాలించిన ఐర్లంగరాజు శాసనములలో పరదేశీయుల పట్టికలు గలవు. అందు క్లింగులు వేరుగను, సింహళులు వేరుగను, ద్రావిడులు వేరుగను చెప్పబడిరి. ఈ వివరము మిక్కిలి ముఖ్యము. ఆ కాలమునకు క్లింగ శబ్దము దక్షిణ భారతీయుల నందరిని చుట్టబెట్టినది కాదు. అది యొక దేశమువారి పేరు మాత్రమే.

పిమ్మట అది విస్తరించినది. మలయుల నోట "బెనువా కెలింగ్" అనగా కోరమాండల తీరమంతయు, దాని వెనుకనున్న రాజ్యములును. మలయ రాజుల పూర్వకథలను చెప్పు "సెజరా మెలాయు" అను గ్రంథమున కెలింగ దేశపు రాజు మహాప్రతాపశాలి. "హికాయత్ హంగ్ తువా" అను కథయందు నాయకుడు రాయబారియై కెలింగ దేశమునకు, విజయనగరమునకు వచ్చును. అచటి రాజు పేరు కిష్న రాయన్. ఆ రాజెవ్వరో తెలుగు చదువరులకు మేము వేరుగ చెప్పనక్కరలేదు! అట్టి కథలు వ్రాసినవారి మనస్సున కెలింగ్ అనునది నిందగా ఉండెనని యెవ్వరైనను చెప్పగలరా?

మలక్కా రేవు వైభవకాలమున వర్తకుల నాలుగు వర్గములకు నలుగురు షాబందరులుండిరనియు, వారిలో నొకడు కెలింగులు, వంగీయులు, పెగువారు మొదలగువారి వ్యవహారము చూచెడివాడనియు 1512-1515 సంవత్సరముల నడుమ వ్రాసిన పోర్చుగీసు అధికారి తోమే పిరిశ్ తెలిపెను. 1511లో పోర్చుగీసువారు ఆ పట్టణమును గెలిచినపిదప నీన చెట్టి యను కెలింగ వర్తకుడు బెండహార పదవి నొందెను. పదవి తొలగింపబడగా 1514లో ఆయన అవమానము సహింపజాలక అగ్నిప్రవేశము చేసెనని పోర్చుగీసు చరిత్రకారులు వ్రాసిరి. మానధనుడైన అట్టి శ్రేష్ఠిని నాడు కెలింగుడని పిలిచినచో అది ఆయన దేశమును చెప్పుటయే గాని తూలనాడుట కాదు. మలక్కాలో 1748లో వెలసిన కెలింగ గ్రామపు మసీదును, పినాంగులో 1801లో భూమి నొందిన కపితాన్ కెలింగ్ మసీదును నేటికిని ఆ పేళ్లతోనే యున్నవి. కపితాన్ అనగా ఆ సంఘమునకు పెద్ద. తమ పెద్దకు తిట్టునే బిరుదుగా పెట్టుకొని మసీదు కట్టుకొను జనము లోకమున ఉండదు.

మరి పతనమెప్పుడు? పోయినవారి స్థితి మారినపుడే. ఆంగ్లేయ కుంఫిణీవారు 18వ శతాబ్ది చివరినుండి మన దేశపు ఖైదీలను బెంకూలెనునకును, పినాంగునకును, 1825 మొదలు సింగపూరునకును పంపి రోడ్లు వేయించిరి, అడవులు కొట్టించిరి. సింగపూరులో 1862లో ప్రతిష్ఠితమైన సెయింట్ ఆండ్రూస్ చర్చి వారి చేతిపనియే. ఆ ఖైదుఖానా 1873లో మూతపడినది. ఈలోగా చెరకు, కాఫీ, ఆపైన రబ్బరు తోటలకు కూలీలు నౌకలనిండ దిగిరి. వారిలో తమిళులు అత్యధికులు. గోదావరి, విశాఖపట్టణ మండలములనుండి పోయిన మనవారు అల్పసంఖ్యాకులు. ఒడంబడిక కూలిపద్ధతి 1910లో రద్దయినను, కంగాణీల ద్వారా మనుష్యులను తరలించుట 1938లో భారత ప్రభుత్వము అడ్డుపడువరకు సాగినది. కెలింగుడనగా పట్టువస్త్రముల వర్తకుడు కాక, మోకాళ్ల లోతు బురదలో నిలిచి కాలువ త్రవ్వు నల్లనివాడని మలయులకు, దొరలకు తోచెను. పదము మారలేదు. దాని నంటియున్న మనిషి మారెను. కాలక్రమమున అది నలుపునకు విశేషణమైనది, మోసమునకు సామెతయైనది.

ఇచట నొక చిత్రము గలదు. ఆ వర్తకులు తీసికొనిపోయిన పులికాటు వస్త్రమునకు మలయభాషలో నేటికిని "పెలికాట్" అనియే పేరు. మలయ గృహస్థు దానిని కట్టుకొని సుఖముగా నుండును. గుడ్డ పేరు గౌరవము నిలుపుకొనినది. గుడ్డ తెచ్చినవాని పేరు మాత్రము చెడినది.

ఖైదీల కాళ్ల సంకెళ్లు "క్లింగ్ క్లింగ్" మని మ్రోగుటచే ఆ పేరు వచ్చెనని యొక కథ అచట ప్రచారములో నున్నది. అవమానపడినవారును, అవమానించినవారును దీనిని సమానముగా నమ్ముదురు. సంకెళ్లు 18వ శతాబ్దివి, శాసనములు 11వ శతాబ్దివి. ఏడువందల యేండ్ల తరువాత మ్రోగిన సంకెల ముందుగ పుట్టిన పేరునకు తల్లి యగుట యెట్లు? ఈ కథను మన బిడ్డలకు చెప్పువారు పొరబడుటయే గాక, చరిత్ర ఇచ్చిన గౌరవమును తమ చేతులార పారవేయుచున్నారు.

బర్మాలో మనవారికి వేరొక పేరు వచ్చినది. కాకినాడ చెంతనున్న కోరంగి రేవునుండి పోయినందున తెలుగువారందరు అచట "కొరంగీ"లైరి. 1839లో ఘోరమైన ఉప్పెన పాలైన ఆ చిన్న రేవు పేరు రంగూనులో వేలమంది కూలీలకు ముద్రయైనది. 1930 మే నెలలో రేవుకూలీల సమ్మెను పురస్కరించుకొని అచట చెలరేగిన అల్లర్లలో పెక్కుమంది తెలుగువారు చంపబడిరి. అపుడు వీధులలో వెదకి పట్టుకొనినది ఈ పేరుగలవారినే.

ఎదుటివారి దోషము నెంచునపుడు మన యింటి వాకిలియు చూచుకొనవలెను. తమిళులను మనము "అరవ" లందుము. తమిళ వైయాకరణులు చెప్పిన అరువానాడు మనకు పొరుగున నుండినందున ఆ నాటి పేరు తమిళదేశమంతటికి పరచితిమని పండితుల తలంపు. ఫ్రాంకుల పేరు "పరంగి"యై ఐరోపావారందరికి చెల్లినట్లే యిదియు. కాని ఆ మాటను మనము ఎప్పుడును దేశవాచకముగనే పలుకుచున్నామా? "అరవగోల" యనునపుడు మన నోట నున్నది దేశము కాదు. రవశబ్దమును తెచ్చి దానికి వెక్కిరింత వ్యుత్పత్తి చెప్పినవారిని పాఠశాలలలో మేము పలుమార్లు వింటిమి. సంకెళ్ల కథకును దీనికిని భేదము స్వల్పము.

ఇపుడు వివాదమంతయు ఆ పదమును తుడిచివేయుటనుగూర్చియే. సింగపూరు పురపాలకులు అచటి భారతీయుల యభ్యంతరముపై 1920 దశకారంభముననే క్లింగ్ వీధి పేరు తీసి చూలియా వీధి యనిరి. సుమత్రాలోని మేడాన్ నగరమున కెలింగ గ్రామము మద్రాసు గ్రామమైనది. మలేషియాలో అధికార నిఘంటువునుండి ఆ పదమును తొలగింపవలెనని మనవారు న్యాయస్థానమువరకు పోయిరి. వారి బాధ నెరిగియే మేమిది వ్రాయుచున్నాము. తోటలో పుట్టి ఆ మాట వినుచు పెరిగినవానికి శాసనములు చూపి ఊరడింప బూనుట క్రూరత్వమే. జీవించియున్న మనుష్యుని ఆ పేరుతో పిలుచు హక్కు ఎవ్వరికిని లేదు. నిఘంటువు దానిని నిందాపదమని స్పష్టముగ తెలుపవలెను.

అయినను నిఘంటువునుండి తీసివేసినచో "సెజరా మెలాయు" చదువు విద్యార్థికి దాని యర్థము చెప్పువారెవ్వరు? మసీదుల పేళ్లు మార్చినచో మనవారు అచట కూలీలుగా గాక ప్రభువులకు సమానులుగా, రేవులకు పెద్దలుగా నుండిరనుటకు వీధిలో నిలిచిన సాక్ష్యము పోవును. మేడాన్‌లో పోయినది. మలక్కా, పినాంగులలో మసీదు పెద్దలు ఆ పేళ్లను ఇంతవరకు మార్చలేదు.