మార్లే ఇంటి చిన్నవాడు

గొప్పవాని ఇంట పుట్టినవానికి పేరు దొరకునేమో గాని గొంతు దొరకదు. జమైకా ద్వీపమున పుట్టిన రెగే సంగీతమునకు ప్రపంచఖ్యాతి తెచ్చిన బాబ్ మార్లే 1981 మే 11వ తేదీన, 36 ఏండ్ల వయస్సున, క్యాన్సరు వ్యాధితో మయామీ నగరమున కన్నుమూసినాడు. పెద్దకుమారుడు జిగ్గీకి అప్పటికి 12 ఏండ్లు. తండ్రి వ్రాసి ఇచ్చిన పాటను 1979లోనే తోబుట్టువులతో కలిసి రికార్డు చేసినవాడు అతడు. తండ్రి కంఠమును పోలిన కంఠము గలవాడు. కుమారులలో కడగొట్టువాడైన డేమియన్‌కు మాత్రము మూడేండ్లయినను నిండలేదు. తండ్రిని అతడు మనవలెనే రికార్డులలోనే ఎరుగును.

డేమియన్ పుట్టిన కాలమును కొంచెము తడవి చూడవలెను. రెండు రాజకీయ పక్షముల అనుచరులు కింగ్‌స్టన్ పేటలను పంచుకొని తుపాకులతో కాపలా కాచుచుండిన దినములవి. 1976 డిసెంబరు 3న బాబ్ మార్లే తన ఇంటిలోనే తుపాకి దెబ్బ తిన్నాడు. అయినను 1978 ఏప్రిల్ 22న శాంతి కొరకు జరిగిన గానసభలో ప్రధానమంత్రి మైకేల్ మాన్లీని, ప్రతిపక్ష నాయకుడు ఎడ్వర్డ్ సియాగాను వేదికపైకి పిలిచి, ఇద్దరి చేతులను తన తలపైన కలిపి పట్టినాడు. ఇంచుమించు మూడు నెలలకు, జూలై 21న, డేమియన్ పుట్టినాడు. ఆ చేతులు వేదిక దిగకముందే విడిపోయినవనవలెను; 1980 ఎన్నికల ఏట వందలాది మంది హతులైనారు. పాట చేయగలిగినదేమి, చేయలేనిదేమి అను ప్రశ్న ఆ బిడ్డకు ఉయ్యాలలోనే సంక్రమించినది.

తల్లి సిండీ బ్రేక్‌స్పియర్ 1976లో ప్రపంచసుందరిగా ఎన్నికైన వనిత, కలవారి పేటకు చెందినది. తండ్రి ట్రెంచ్‌టౌన్ మురికివాడలో పెరిగినవాడు. కింగ్‌స్టన్‌లో పై ఊరికిని క్రింది ఊరికిని నడుమ హాఫ్‌వే ట్రీ అను కూడలి ఒకటి కలదు. బాటసారులు నడిమార్గమున విశ్రమించిన బూరుగుచెట్టు వలన ఆ పేరు వచ్చినదందురు. డేమియన్ 2001లో వెలువరించిన గేతసంపుటికి ఆ కూడలి పేరే పెట్టుకొన్నాడు. తాను ఎక్కడివాడో చెప్పుకొనుటకు అంతకంటె పొదుపైన మాట దొరకదు. ఆ సంపుటికి గ్రామీ బహుమతి వచ్చినది.

అతడు ఎన్నుకొన్న మార్గము తండ్రిది కాదు. తండ్రి గాయకుడు, కుమారుడు ముఖ్యముగా డీజే. జమైకాలో డీజే యనగా రికార్డులు తిప్పువాడు కాడు, ఆ పని సెలెక్టరుది. వీథులలో పెద్ద పెద్ద స్పీకర్లు నిలిపి జరుపు నృత్యసభలలో, రికార్డు రెండవవైపున కంఠము తొలగించి మిగిల్చిన వాద్యభాగము మ్రోగుచుండగా, ఆ లయకు మాటలు అల్లి పలుకువాడు డీజే. 1970లో యూ-రాయ్ ఈ విద్యను రికార్డులలోనికి ఎక్కించినాడు. మన ఆశుకవికి సమస్య ఎట్టిదో వీరికి లయ అట్టిది: ఇచ్చినది ఒకరు, పూరించునది మరొకరు. పూరణకు వాడునది పాట్వా, అనగా ద్వీపపు వాడుకభాష. బడులలో చిన్నచూపు చూచిన ఆ భాషకు కవితాగౌరవము తెచ్చుటకు లూయీస్ బెన్నెట్ వంటి కవయిత్రి ఎంత శ్రమపడెనో, గిడుగువారి పోరాటమును ఎరిగిన మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

1996లో తొలి సంపుటము వచ్చినది. దానిని గురించి చెప్పదగినది స్వల్పము. అసలైన రచన 2005 నాటి ‘వెల్కమ్ టు జామ్‌రాక్’. ఐనీ కమోజీ 1984లో పాడిన పాటకు స్లై, రాబీ కూర్చిన లయను అన్న స్టీఫెన్‌తో కలిసి గ్రహించి, దానిపై డేమియన్ తన మాటలు నిలిపినాడు. పేరు స్వాగతపత్రము, లోపల ఉన్నది అభియోగపత్రము. సముద్రతీరపు విడుదులలో దిగి తిరిగిపోవు యాత్రికులు చూడని పేటలు, తుపాకి పట్టిన పడుచువారు, ఓట్ల వేళ మాత్రము కనిపించు నాయకులు అందులో వరుసగా ఎదురగుదురు. తండ్రి చేతులు కలిపిన 27 ఏండ్లకు కుమారుడు ఆ చేతులు చేసిన పనిని లెక్క చెప్పినాడు. తండ్రి పాటలోని ఓదార్పు ఇందులో లేదు. అది లోపమని కొందరు అనవచ్చును. నాకు అదే దాని నిజాయితీగా తోచినది. 2006లో ఒకే రాత్రి రెండు గ్రామీలు ఆ పేరుతో వచ్చినవి.

2010లో అమెరికా ర్యాప్ కవి నాస్‌తో కలిసి వెలువరించిన సంపుటికి ‘దూరపు బంధువులు’ అను అర్థము వచ్చు పేరు పెట్టినారు. ఇందులో చరిత్ర కలదు. న్యూయార్కు బ్రాంక్స్ పేటలో 1973లో హిప్‌హాప్‌కు నాంది పలికిన కూల్ హెర్క్ కింగ్‌స్టన్‌లో పుట్టి వలసపోయినవాడే. ఆ సంపుటములో ఇథియోపియా వాద్యకారుడు ములాతు అస్తాత్కే బాణీ యొకటి వినిపించును. మాలీ దేశపు అమదూ, మరియమ్‌ల పాట మరొకటి వినిపించును. బంధుత్వము అట్లాంటిక్ దాటి మూలస్థానమునకు పోయినది.

మరుసటి ఏట మన ఎ. ఆర్. రహమాన్, మిక్ జాగర్, జాస్ స్టోన్, డేవ్ స్టువర్ట్‌లతో కలిసి డేమియన్ ‘సూపర్‌హెవీ’ బృందమున పాడినాడు. అందరును ఘనులే, కూర్పు మాత్రము అంత ఘనము కాలేదు. 1845 మొదలు 1917 వరకు సుమారు 36 వేల మంది భారతీయ కూలీలు జమైకా చేరిరి. గంజాయి అను మాటను రాస్తఫారీలకు ఇచ్చినది వారే. ఆ పాత చుట్టరికము ఈ కూర్పున వినిపించి ఉండవలసినది.

2017లో తాను పెరిగిన కొండ పేరిట ‘స్టోనీ హిల్’ వచ్చి మరొక గ్రామీ తెచ్చినది. 2024 శరత్కాలమున జిగ్గీ, స్టీఫెన్, జూలియన్, కై-మానీ, డేమియన్ అను అయిదుగురు అన్నదమ్ములు ఉత్తర అమెరికా నగరములలో ఒకే వేదికపై నిలిచి తండ్రి పాటలు పాడినారు. మూడేండ్లు నిండకమునుపే తండ్రిని పోగొట్టుకొన్న చిన్నవాడు అప్పటికి 46 ఏండ్లవాడు, తండ్రి బ్రతికిన దానికంటె పదేండ్లు పెద్దవాడు.