సోల్డరింగ్ అక్కర్లేని పలక

1920లలో అమెరికా కుర్రాళ్లకు రేడియో తయారు చేయడం పెద్ద పిచ్చి. వంటింట్లో రొట్టె కోసే చెక్కపలక తెచ్చి, మేకులూ ఇత్తడి మరలూ దిగ్గొట్టి, వాటికి తీగలు చుట్టి, వాక్యూమ్ ట్యూబులు బిగించేవారు. ఫిలడెల్ఫియాలోని ఆట్వాటర్ కెంట్ కంపెనీ చెక్కమీద పరిచిన రేడియోలనే అమ్మింది కూడా. చూడ్డానికి ముచ్చటే! కానీ సర్క్యూట్‌లో ఒక్క తీగ మార్చాలంటే మర విప్పాలి, లేదా టంకం (సోల్డర్) కరిగించాలి. బుర్రలో మెరిసిన ఆలోచన చేతిదాకా వచ్చేసరికి చల్లారిపోయేది.

నొక్కితే నోరు తెరిచి, వదిలితే తీగను కరిచిపట్టే ఫాన్‌స్టాక్ క్లిప్పులు కొంత ఊరటనిచ్చాయి. అయితే ట్రాన్సిస్టర్లు వచ్చాక, వాటి పక్కన ఈ క్లిప్పులు మరీ పెద్దవైపోయాయి. 1960లో డెవ్రై టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఆర్విల్ థాంప్సన్ అలాంటి స్ప్రింగులను రంధ్రాల వరసల కింద దాచి, ఆ పద్ధతికి పేటెంటు కోరాడు.

ఆ తర్వాత అదృష్టం ఇంకో దారిన వచ్చింది. ఆ దశాబ్దం మధ్యలో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ రెండు వరసల కాళ్లున్న చిప్ తయారుచేసింది. కాలికీ కాలికీ మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు. 1971లో ఈ అండ్ ఎల్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కు చెందిన రొనాల్డ్ పోర్చుగల్ సరిగ్గా అదే కొలతతో పలకలో రంధ్రాలు పెట్టాడు. చిప్ ఇటో కాలు, అటో కాలు వేసి కూర్చుంది. నేటి బ్రెడ్‌బోర్డుకు మూలం అదే.

చిక్కు తీరిందనుకున్నచోటే కొత్తది మొదలైంది. టంకం బదులు పట్టు అంతా స్ప్రింగుదే కదా! లావుపాటి కాళ్లు గుచ్చితే అది సాగిపోతుంది. ఆ తర్వాత సన్నని తీగ అందులో వదులుగా ఊగుతుంది. పక్కపక్క వరసల మధ్య కొన్ని పికోఫారడ్ల కెపాసిటెన్స్ చేరి, వేగవంతమైన సంకేతాలను పాడుచేస్తుంది. మైక్రోకంట్రోలర్‌తో పని చేసేవాళ్లకు ఈ వదులు తీగ జబ్బు మరీ మోసకారి: ఎల్‌ఈడీ చక్కగా వెలుగుతూనే ఉంటుంది, బల్ల కదలగానే చిప్ రీసెట్ అవుతుంది. నింద ప్రోగ్రామ్ మీద పడుతుంది.

చిప్ పవర్ కాళ్ల దగ్గరే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టడం, తీగలు పొట్టిగా ఉంచడం సగం బాధ తీరుస్తాయి. మిగతా సగం బోర్డు వయసును బట్టి ఉంటుంది. ప్రయోగానికి దీన్ని మించింది లేదు. ఏళ్ల తరబడి పనిచేయాల్సిన పరికరానికి మాత్రం ఇది తగదు. కోడ్ తిరగరాసే ముందు ఆ తీగను ఒకసారి కదిపి చూడండి.