స్వపరిపాలనము పల్లె గడప తొక్కిన విధము

భారతదేశమంతటను ఒక్కమాఱుగా పల్లె సభలకు ఎన్నికలు జరిగిన దినము మన చరిత్రమున లేదు. ఆయా రాష్ట్రములు తమ చట్టముల ననుసరించి, తమకు వీలైన కాలమున జరుపుకొనుచు వచ్చినవి. ఆ హక్కు మన సీతారామపుర ప్రాంతమునకు చేరిన క్రమమును సంఘ సోదర సోదరీమణులకును, పోషకులకును సంగ్రహముగా విన్నవించుచున్నారము.

1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి తీర్మానము వెలువరించెను. దాని వెంట 1884లో మదరాసు లోకల్ బోర్డుల చట్టము వచ్చెను. జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, యూనియను అని మూఁడంతస్తు లేర్పడెను. కాని జిల్లా బోర్డునకు కలెక్టరే అధ్యక్షుఁడు. 1920 నాఁటి చట్టములవలన ఎన్నికైన సభ్యుల సంఖ్య హెచ్చినను, ఓటు పన్ను చెల్లించువారి సొత్తై యుండెను. వెలిగొండల దిగువ మెట్టచేలలో కూలికిఁ బోవు నిఱుపేదకు బోర్డు రోడ్డుపై నడచుటే కాని, బోర్డును ఎన్నుకొను భాగ్యము లేకపోయెను.

1950లో రాజ్యాంగము అమలునకు వచ్చి వయోజనుల కెల్లరకును ఓటు నొసఁగెను. 1959 అక్టోబరు 11న షాద్‌నగరమున నెహ్రూ పండితుఁడు పంచాయతి సమితుల విధానమును ప్రారంభించెను. 1985లో తాలూకాలకు మాఱుగా మండలము లేర్పడఁగా, ఉదయగిరి తాలూకాలోని సీతారామపురము తానే మండల కేంద్రమయ్యెను. 1987లో మండలాధ్యక్షుని ఓటరులే నేరుగా ఎన్నుకొనిరి.

1993 ఏప్రిలు 24న అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ అయిదేండ్ల కొకమాఱు ఎన్నిక జరుగవలెనని విధించెను. స్త్రీలకు మూఁడవ వంతునకు తగ్గని స్థానములు కేటాయించెను. మన రాష్ట్రమున 2011లో అది సగమయ్యెను. అయినను 2018 ఆగస్టున గడువు ముగిసిన పంచాయతులకు 2021 ఫిబ్రవరిలోఁ గాని ఎన్నికలు జరుగలేదు. అంతవఱకు ప్రత్యేకాధికారులే పాలించిరి. చట్టమున వ్రాసినంత మాత్రమున హక్కు నిలువదనుటకు ఇంతకంటె తార్కాణ మేల?

కావున మహాసభవారికి మా మనవి యిది. సంఘము విద్యకు, వివాహములకు, ఆపన్నులకు తోడ్పడవలెను; ఓటును మాత్రము శాసింపరాదు. సర్పంచి పదవిని వేలమున కొనువాఁడు మనవాఁడైనను వానిని మెచ్చుకొనరాదు. మన యింటి ఆఁడుబిడ్డ ఎన్నికైనచో ఆ పీఠముపై ఆమెయే కూర్చుండవలెను, సంతకము ఆమెయే చేయవలెను, లెక్క ఆమెయే అడుగవలెను. భర్తయో తండ్రియో ఆమె స్థానమున నిలిచినచో, నూఱేండ్లకుఁ బైగా నడచివచ్చిన హక్కు మన గడప లోపలనే ఆగిపోవును.