గంజి తొట్టి నుంచి రాత్రి బస దాకా



చెన్నపట్నం ఉత్తర భాగంలో స్టాన్లీ ఆసుపత్రి ఉంది. తిరుత్తణి, గుమ్మిడిపూండి వైపు నుంచి, చిత్తూరు, నెల్లూరు జిల్లాల నుంచి వైద్యానికి వెళ్ళే మనవాళ్ళకు అది తెలిసిన చోటే. పాతతరం వారు దాన్ని గంజి తొట్టి ఆసుపత్రి అనేవారు. అంత పెద్ద ఆసుపత్రికి గంజి పేరు ఎందుకు వచ్చిందో తెలుసుకుంటే, నిలువ నీడలేని వారిని ఆదుకోవడంలో అసలు కిటుకు ఏమిటో కూడా తెలుస్తుంది.

1780లో హైదరాలీ సైన్యం ఆర్కాటు సీమ మీదికి వచ్చింది. యుద్ధంతో పైర్లు పోయాయి, వెనకే కరవు వచ్చింది. ఊళ్ళు విడిచిన జనం మద్రాసు చేరారు. వారికోసం 1782లో ఊరి ఉత్తరపు గోడ దగ్గర గంజి పోయడం మొదలైంది. అదే మణియగారు చావడి. తమిళంలో మణియక్కారర్ అంటే గ్రామాధికారి. ఆ మాట ఇంగ్లీషువారి నోట ‘మొనెగార్’ అయింది. మన ‘చావడి’ వంటి మాటే వారి నోట ‘చౌల్ట్రీ’ అయింది.

ఆకలితో వచ్చినవాడికి గంజి ఒక్కటే చాలదు. తల దాచుకోవడానికి చోటు కావాలి. జబ్బు పడితే మందు కావాలి. 1799లో కంపెనీ వైద్యుడు జాన్ అండర్‌వుడ్ ఆ చావడిలోనే స్థానికులకు వైద్యశాల ప్రారంభించారు. అంటే అన్నం, నీడ, మందు మూడూ ఒక్క ఆవరణలోకి వచ్చాయి. పక్కనే మన వెంకటగిరి రాజావారి పేర కూడా సత్రం వెలసింది. చావడితో ఆ పేరు జంటగా నిలిచింది.

వైద్యశాల పెరిగి పెద్దదైంది. 1938లో స్టాన్లీ వైద్య కళాశాల ఏర్పడింది. చావడి మాత్రం దిక్కులేని వృద్ధులకు ఆశ్రయంగా మిగిలింది. ఆసుపత్రి ఒక దారి, ఆశ్రయం ఒక దారి అయ్యాయి. ఊరు పెరిగినకొద్దీ ఇది తప్పదు. కాని దీని బరువు ఎవరి మీద పడుతుందో ఆలోచించండి. రోగం నయమైనవాడు ఆసుపత్రి నుంచి మళ్ళీ కాలిబాట మీదికే వెళితే, ఆ నయం ఎన్నాళ్ళు? చిరునామా లేనిదే రేషను కార్డు రాదు. కార్డు లేనిదే పింఛను అడగడం కష్టం. ఒక్కో కార్యాలయం తన పని తాను చేసినా, మనిషి మధ్యలో జారిపోతాడు.

1993లో చెన్నైలోనే వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ అనే ఇద్దరు యువతులు ‘ది బాన్యన్’ సంస్థను స్థాపించారు. మతి చలించి వీధుల్లో తిరిగే స్త్రీలకు వసతి, వైద్యం కలిపి ఇవ్వడం, కోలుకున్నాక ఇంటివారి దగ్గరకు చేర్చడం వారి పని. పాత చావడి సూత్రమే ఇక్కడ మళ్ళీ కనబడుతుంది.

2001 జనాభా లెక్కల్లో దేశంలో ఇల్లు లేనివారు సుమారు 19 లక్షల 40 వేలు. 2011లో ఆ సంఖ్య 17 లక్షల 70 వేలకు తగ్గింది. అయితే పట్టణాల్లో మాత్రం 7 లక్షల 80 వేల నుంచి 9 లక్షల 40 వేలకు పెరిగింది. 2010లో సుప్రీంకోర్టు, నగరాల్లో ఏడాది పొడవునా నడిచే ఆశ్రయాలు ఉండాలని ఆదేశించింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి పథకం, లక్ష జనాభాకు కనీసం నూరుమందికి వసతి, మనిషికి 50 చదరపు అడుగుల చోటు అని లెక్క కట్టింది. అంతటితో ఆగలేదు. ఆశ్రయంలో ఉన్నవారికి గుర్తింపు కార్డు, రేషను, పింఛను, పిల్లలకు బడి, వైద్యం అందేలా చూడాలని కూడా చెప్పింది.

ఈ రెండో భాగమే ముఖ్యం. కప్పు వేయడానికి డబ్బు చాలు. బడిని, ఆసుపత్రిని, రేషను దుకాణాన్ని ఆ కప్పుతో కలపడానికి మాత్రం బాధ్యత తీసుకునే మనిషి ఒకరు ఉండాలి. సరిహద్దు దాటి పనికి పోయిన మనవాడికి ఇది మరీ అవసరం. అతని కార్డు ఒక రాష్ట్రంలో, కాయకష్టం ఇంకో రాష్ట్రంలో, మాట వేరొక భాషలో ఉంటాయి.

మీ పట్టణంలో రాత్రి బస ఉందో లేదో ఒకసారి విచారించండి. ఉంటే, అక్కడ పడుకున్న వ్యక్తికి తెల్లవారిన తరువాత దారి చూపేవారు ఎవరో కూడా అడగండి.