ఆసు పోసిన చేతులకు ఆసరా

తెలుగునాట చేనేత చరిత్రలో మగ్గానికి దక్కిన ప్రఖ్యాతి, దాని వెనుక సాగే పనులకు దక్కలేదు. కండెలు చుట్టడం, ఆసు పోయడం వంటివి ఎక్కువగా ఇంటి స్త్రీల చేతుల మీదుగానే సాగాయి. చీర ధరలో వారి శ్రమ కలిసిపోయేదే తప్ప విడిగా కనిపించేది కాదు.

చిటికి నేతకు తెలుగుదేశంలో సుదీర్ఘ చరిత్ర ఉంది. నూనె పట్టించిన నూలుతో చీరాలలో నేసిన తేలియా రుమాళ్ళు అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవి. ఇరవయ్యవ శతాబ్దిలో నల్లగొండ ప్రాంతపు పోచంపల్లి, పుట్టపాక గ్రామాలు ఈ విద్యకు నెలవులయ్యాయి. నేయడానికి ముందే నూలుకు కట్లు కట్టి రంగులద్దడం ఇందలి విశేషం. అందుకోసం పేక నూలును అర్ధచంద్రాకారంలో అమర్చిన మేకులకూ, ఎదుటనున్న మేకుకూ మధ్య అటూ ఇటూ తిప్పాలి. అదే ఆసు పోయడం. ఒక్క పట్టుచీరకు చేతిని సుమారు 9,000 సార్లు ఆడించాలి. రోజుకు రెండు చీరలకు ఆసు పోసేసరికి భుజాలు పట్టు తప్పేవి.

ఆలేరు సమీపంలోని శారాజీపేట నేతకుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి పడే ఈ బాధను చూస్తూ పెరిగారు. ఆరవ తరగతితో చదువు ఆగినా, 1992లో యంత్ర నిర్మాణానికి పూనుకుని, అప్పులనూ అపహాస్యాలనూ ఓర్చి, 1999లో దానిని పూర్తిచేశారు. తల్లి పేరే దానికి పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

ఈ యంత్రం మగ్గాన్ని తొలగించలేదు; మగ్గానికి ఎదురుచూపు తగ్గించింది. ఆసు త్వరగా అందితే మగ్గం ఖాళీగా ఉండదు. ఒక ఇంటి యంత్రం ఇరుగుపొరుగు మగ్గాలకూ ఆసు పోసి కూలి సంపాదించగలదు. కట్టే నేర్పు, రంగులెరిగిన కన్ను, నేసే చేయి మాత్రం ఎప్పటిలాగే మనుషులవే.

చిన్న పరిశ్రమకు లాభం చేకూర్చే నూతనత్వం పెద్ద పెట్టుబడితోనే రానక్కరలేదని ఈ చరిత్ర చాటుతున్నది. పనిలోని బాధ ఎక్కడున్నదో దగ్గరగా చూసినవారికే దాని విరుగుడూ తోచింది. అభివృద్ధి లెక్కలు వేసేవారు ముందుగా చూడవలసినది, లెక్కకెక్కని ఆ చేతులనే.