కార్డు సొమ్ములో వర్తకుడి వాటా

కార్డు మీద అమ్మిన సరుకు ధర దుకాణదారు చేతికి సాధారణంగా పూర్తిగా రాదు. కొన్నవారు వంద డాలర్ల బిల్లు మీద సంతకం చేస్తే, అందులో కొంత మినహాయించుకుని మిగిలినదాన్నే దుకాణదారు ఖాతాలో జమ చేసే పద్ధతి కార్డుతోపాటే పుట్టింది. ఆ మినహాయింపును మర్చెంట్ డిస్కౌంట్ అనీ, ఆ జమ జరగడానికి దుకాణదారు బ్యాంకుతో కుదుర్చుకునే ఏర్పాటును మర్చెంట్ అకౌంట్ అనీ అంటారు. ఈ ఖాతాను ఎవరి దగ్గర, ఏ షరతుల మీద తెరవాలన్నది నేడు చిన్న వ్యాపారికి తేలని ప్రశ్న. బ్యాంకు కార్డు మొదలైన కాలంలో దీనికి తావే లేదు; ఊళ్లో కార్డు ఇచ్చే బ్యాంకు ఒకటే, అది చెప్పే రేటూ ఒకటే. ఒక్క అంకెగా మొదలైన ఆ రుసుము, చదివి పోల్చుకోవడానికి వీల్లేనన్ని ముక్కలుగా ఎలా విడిపోయిందన్నదే ఈ ఖాతా చరిత్రలో ముఖ్యమైన విషయం.

కార్డు రాకముందు అమెరికాలోని చిన్న దుకాణాలు అరువు పద్దులను తామే రాసుకునేవి. పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లకు అరువు విభాగాలు, వసూలు సిబ్బంది, ఖాతాదారుల పేర్లు అచ్చొత్తిన లోహపు బిళ్లలు ఉండగా, చిన్న దుకాణదారు రోజంతా అమ్మి, రాత్రి కూర్చుని పద్దులు చూసుకుని, నెలాఖరున బాకీల కోసం తిరగవలసి వచ్చేది. 1946లో బ్రూక్లిన్‌లోని ఫ్లాట్‌బుష్ నేషనల్ బ్యాంకులో జాన్ బిగ్గిన్స్ ప్రవేశపెట్టిన ‘చార్జ్-ఇట్’ పథకం ఈ భారాన్ని బ్యాంకు మీదికి మళ్లించింది. దుకాణదారు అమ్మకపు చీటీలను బ్యాంకుకు అప్పగిస్తే, బ్యాంకు అతనికి డబ్బు జమ చేసి, తన ఖాతాదారు దగ్గర తాను వసూలు చేసుకునేది. 1950లో న్యూయార్క్‌లో ఫ్రాంక్ మెక్‌నమారా, రాల్ఫ్ ష్నైడర్ నెలకొల్పిన డైనర్స్ క్లబ్ ఇదే సూత్రాన్ని రెస్టారెంట్లకు వర్తింపజేసి, బిల్లులో ఏడు శాతం తీసుకుంది.

అయితే నేటి మర్చెంట్ అకౌంట్ అచ్చంగా రూపుదిద్దుకున్నది కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణంలో. 1958 సెప్టెంబరు 18న బ్యాంక్ ఆఫ్ అమెరికా అక్కడి తన ఖాతాదారులకు, ఎవరూ అడగకుండానే, దాదాపు 60,000 బ్యాంక్అమెరికార్డులను తపాలాలో పంపింది. జోసెఫ్ విలియమ్స్ అనే అధికారి నడిపించిన ఈ ప్రయోగాన్ని చరిత్రకారులు సాధారణంగా కార్డు పొందిన కుటుంబాల వైపు నుంచి చెబుతారు గానీ, అందులో అంతకన్నా కఠినమైన పని అంగళ్లను ఒప్పించడం. తీసుకునే దుకాణం లేకపోతే కార్డుకు విలువ లేదు, కార్డు ఉన్న కొనుగోలుదారు లేకపోతే దుకాణానికి ఆ ఖాతాతో పని లేదు. ఈ ముడిని విప్పడానికే బ్యాంకు ఒకే ఊరిని ఎంచుకుని, ఒకే రోజున కార్డులు పంచి, అంతకుముందే మూడు వందలకు పైగా దుకాణాలతో ఒప్పందాలు చేసుకుంది. సొంత అరువు వ్యాపారం బాగా సాగుతున్న సియర్స్ వంటి పెద్ద సంస్థలు దూరంగా ఉండిపోగా, మొదట చేరినవారిలో అధికులు చెప్పుల దుకాణాలు, మందుల షాపుల వంటి చిన్న వర్తకులే. ఆరు శాతం వరకు పోగొట్టుకోవడానికి వారు సిద్ధపడటానికి కారణం స్పష్టం: అప్పటిదాకా మోస్తున్న పద్దులు, మొండి బాకీలు, వసూళ్లకు పట్టే కాలం, వీటన్నిటి ఖర్చును ఆ ఆరు శాతం తీసేసింది. అది న్యాయమైన బేరమనే చెప్పాలి, ఎందుకంటే రేటు ఎంతో, దానికి బదులుగా ఏమి వస్తుందో రెండూ దుకాణదారుకు తెలుసు.

ఆ ఖాతా నడిచే తీరు కూడా కంటికి కనిపించేది. అచ్చు యంత్రంలో కార్డును, కార్బన్ కాగితపు చీటీని పెట్టి లాగితే కార్డు మీది ఉబ్బెత్తు అక్షరాలు చీటీ మీదికి దిగేవి. ‘ఫ్లోర్ లిమిట్’ అనే ఒక హద్దు దాటిన అమ్మకానికి మాత్రం బ్యాంకుకు ఫోన్ చేసి అనుమతి తీసుకోవాలి; ఆ హద్దు లోపలి అమ్మకానికి జరిగే మోసం సాధారణంగా బ్యాంకు నెత్తిన పడేది. 1959 చివరికి రాష్ట్రమంతటా ఇరవై లక్షల కార్డులు, ఇరవై వేల దుకాణాలు చేరాయి. బాకీలు ఎగ్గొట్టేవారు నాలుగు శాతానికి మించరని వేసిన అంచనా తారుమారై ఇరవై రెండు శాతానికి చేరడంతో బ్యాంకు లక్షల డాలర్లు పోగొట్టుకుంది. అయినా ఆ నష్టం దుకాణదారు దాకా రాలేదు.

ఈ సరళత 1966తో ముగిసింది. ఆ ఏడాది బ్యాంక్ ఆఫ్ అమెరికా తన కార్డును ఇతర రాష్ట్రాల బ్యాంకులకు లైసెన్సు మీద ఇవ్వసాగింది. దానికి పోటీగా తర్వాత మాస్టర్‌కార్డుగా మారిన ఇంటర్‌బ్యాంక్ సంఘం కూడా అదే ఏడాది ఏర్పడింది. ఇక ఒక బ్యాంకు ఇచ్చిన కార్డు మరో బ్యాంకు ఖాతా ఉన్న దుకాణంలో వాడటం మొదలైంది. కార్డు ఇచ్చిన బ్యాంకును ఇష్యూయర్ అనీ, దుకాణదారు ఖాతా నడిపే బ్యాంకును అక్వైరర్ అనీ అంటారు. తొలి నిబంధన ప్రకారం అక్వైరర్ తాను దుకాణం దగ్గర తీసుకున్న డిస్కౌంట్ మొత్తాన్ని ఇష్యూయర్‌కు ముట్టజెప్పాలి. అలాగైతే దుకాణాలను చేర్చే శ్రమకు ఫలమేముందన్న ప్రశ్న వెంటనే లేచింది. డీ హాక్ సారథ్యంలో 1970లో ఏర్పడి, 1976లో వీసా అని పేరు మార్చుకున్న సంఘం 1971లో దీనికొక పరిష్కారం కనిపెట్టింది. ప్రతి అమ్మకం మీద అక్వైరర్ ఇష్యూయర్‌కు చెల్లించవలసిన రుసుమును సంఘమే నిర్ణయిస్తుంది. దీన్ని ఇంటర్‌చేంజ్ అంటారు. దుకాణదారు చెల్లించే శాతంలో అప్పటినుంచి మూడు పొరలు ఏర్పడ్డాయి: ఇష్యూయర్‌కు పోయే ఇంటర్‌చేంజ్, కార్డు సంఘానికి పోయే సొమ్ము, తన బ్యాంకుకు లేదా దళారికి మిగిలే లాభం. మొదటి రెండింటి మీద దుకాణదారుకు ఏ మాత్రం బేరం లేదు. బేరమున్నది మూడో పొర మీదే, కానీ చాలాకాలం దాన్ని విడిగా చూపినవారు లేరు. ఫ్లోరిడాకు చెందిన నాబాంకో అనే ప్రాసెసింగ్ సంస్థ, ఇంటర్‌చేంజ్ అంటే బ్యాంకులు కూడబలుక్కుని ధర నిర్ణయించడమేనని 1979లో వీసా మీద దావా వేసి ఓడిపోయింది. ఉమ్మడి వ్యవస్థ నడవాలంటే అటువంటి రుసుము అవసరమని అప్పీలు కోర్టు 1986లో చెప్పింది.

1973లో వీసా సంఘం కంప్యూటర్ ద్వారా అనుమతులు ఇవ్వడం ప్రారంభించగా, నిమిషాల తరబడి ఫోన్ పట్టుకుని వేచి ఉండే బాధ తప్పింది. 1981లో హవాయిలో మొదలైన వెరిఫోన్ వంటి సంస్థలు చవకైన టెర్మినళ్లను, అంటే ఫోన్ తీగ ద్వారా బ్యాంకుతో మాట్లాడే చిన్న యంత్రాలను, బల్ల మీదికి తెచ్చాయి. ఈ యంత్రం మేలు చేసిందనడంలో సందేహం లేదు; అమ్మకానికి పట్టే సమయం తగ్గింది, మోసం తగ్గింది, యంత్రం ద్వారా పంపిన అమ్మకానికి ఇంటర్‌చేంజ్ కూడా తగ్గింది. అయితే ఆ యంత్రాన్ని మోసుకుని వీధివీధికి తిరిగినవారు బ్యాంకు ఉద్యోగులు కారు. చిన్న అంగళ్ల చుట్టూ తిరగడం గిట్టుబాటు కాదనుకున్న బ్యాంకులు ఆ పనిని స్వతంత్ర విక్రయ సంస్థలకు, అంటే కమీషన్ మీద బతికే దళారులకు వదిలేశాయి. టెర్మినల్‌ను అద్దెకు ఇస్తున్నట్టు చెప్పి, నాలుగేళ్ల వరకు రద్దు చేసుకోవడానికి వీల్లేని లీజు పత్రం మీద సంతకం చేయించే అలవాటు వారిలో ప్రబలింది. అంగడి మూతపడినా లీజు ఆగదు. అద్దె రూపంలో కట్టిన మొత్తం చాలాసార్లు యంత్రం ధరకు అనేక రెట్లుండేది.

రేటు విషయంలో మరింత నష్టం జరిగింది. ఇంటర్‌చేంజ్ పట్టికలో కార్డు రకాన్ని, అమ్మకం తీరును బట్టి వందలాది అంకెలు చేరగా, దళారులు వాటిని మూడు అంతస్తులుగా కుదించి చూపారు. కార్డును ఎదుటే గీకిన మామూలు అమ్మకానికి తక్కువ రేటు, బహుమతి పాయింట్లున్న కార్డుకు నడుమ రేటు, ఫోన్ మీద చెప్పిన నంబరుకో కంపెనీ కార్డుకో అధిక రేటు. ప్రకటనలో కనిపించేది మొదటిదే; నెలవారీ చీటీలో బరువు తూగేది తక్కిన రెండూ. ఏ అమ్మకం ఏ అంతస్తులోకి వెళ్లాలో నిర్ణయించేది కూడా దళారే కాబట్టి, ఇద్దరు దళారుల రేట్లను పక్కపక్కన పెట్టి పోల్చడం వ్యర్థమయ్యేది. తర్వాతి కాలంలో వచ్చిన ‘ఇంటర్‌చేంజ్ ప్లస్’ పద్ధతి, అసలు ఇంటర్‌చేంజ్‌ను ఉన్నదున్నట్టు చూపి దాని మీద తమ లాభం ఎంతో విడిగా చెప్పడంతో, ఫ్రెస్నో నాటి స్పష్టత కొంతైనా తిరిగి వచ్చింది. చిన్న వ్యాపారికి మూడంతస్తుల రేటు కన్నా ఇదే మేలైన ఏర్పాటు.

రేటు ఒక్కటే చూసి ఖాతా ఎంచుకున్నవారిని దెబ్బతీసిన మరో అంశం చార్జ్‌బ్యాక్. 1974 నాటి ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం కార్డుదారులకు బిల్లును సవాలు చేసే హక్కు ఇచ్చింది. సరుకు రాలేదనో చెడిపోయి వచ్చిందనో కార్డుదారు ఫిర్యాదు చేసినప్పుడు, అమ్మకపు సొమ్మును దుకాణదారు ఖాతా నుంచి వెనక్కి లాగడాన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. కార్డుదారుకు ఇది అవసరమైన రక్షణే. కానీ ముందే డబ్బు తీసుకుని ఆలస్యంగా సరుకు పంపే వ్యాపారాల విషయంలో అక్వైరర్లు రాబోయే చార్జ్‌బ్యాక్‌లకు భయపడి, ప్రతి జమలో కొంత శాతాన్ని నెలల తరబడి తమ దగ్గరే నిలిపి ఉంచుకునే షరతు పెట్టసాగారు. చేతిలో పెట్టుబడి తక్కువగా ఉన్నవాడికి అర శాతం రేటు తేడా కన్నా ఈ నిలుపుదల ప్రాణాంతకం.

పెద్ద దుకాణాలు ఈలోగా కోర్టులకెక్కాయి. 1996లో వాల్‌మార్ట్ తదితరులు వీసా, మాస్టర్‌కార్డుల మీద వేసిన దావా 2003లో దాదాపు మూడు వందల కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. 2010లో వచ్చిన డర్బిన్ సవరణ ప్రకారం పెద్ద బ్యాంకుల డెబిట్ కార్డులపై ఇంటర్‌చేంజ్‌కు 21 సెంట్లు, దానికి తోడు బిల్లు మొత్తంలో 0.05 శాతం అనే పరిమితి 2011 అక్టోబరు నుంచి అమలైంది. సగటు బిల్లు పెద్దదిగా ఉన్నవారికి ఇది ఎంతో ఊరట. కాఫీ, సాండ్‌విచ్ అమ్మే చిన్నవారికి అంతవరకు చిన్న బిల్లులపై ఉన్న రాయితీని కార్డు సంఘాలు ఎత్తివేయగా, గరిష్ఠ పరిమితే వారి పాలిట మామూలు రేటై, మూడు డాలర్ల అమ్మకం మీద భారం పెరిగింది. మంచి ఉద్దేశంతో చేసిన చట్టం చిన్నవారిని మరచిపోతే ఏమవుతుందో చెప్పడానికి దీనికి మించిన ఉదాహరణ అరుదు. 2009లో జాక్ డోర్సీ, గాజు కళాకారుడు జిమ్ మెకెల్వీ స్థాపించిన స్క్వేర్, నెలసరి రుసుము గానీ లీజు గానీ లేకుండా, గీకిన ప్రతి అమ్మకానికీ 2.75 శాతం అని ఒక్క అంకె చెప్పి లక్షలాది చిన్న వర్తకులను ఆకట్టుకోగలిగిందంటే, ఆ ఒక్క అంకె కోసం వారెంతగా ఎదురుచూశారో ఊహించవచ్చు.

భారతదేశంలో ఈ చరిత్ర తొలి పుటల్లోనే తెలుగు నేలకు చోటుంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లో క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టి, అంతకు ఏడాది ముందు మొదలుపెట్టిన సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా తర్వాత, ఆ రంగంలో అడుగుపెట్టిన తొలి భారతీయ బ్యాంకుల్లో ఒకటైంది. అయితే అమెరికాలో చిన్న అంగళ్లతో మొదలైన కార్డు ఇక్కడ చాలాకాలం హోటళ్లు, పెద్ద వస్త్ర దుకాణాలు, నగల దుకాణాల దగ్గరే ఆగిపోయింది. రిజర్వు బ్యాంకు 2012లో డెబిట్ కార్డులపై ఎండీఆర్‌కు, అంటే మర్చెంట్ డిస్కౌంట్ రేటుకు, రెండు వేల రూపాయల లోపు 0.75 శాతం, ఆపైన ఒక శాతం అని హద్దు గీసింది. 2018 జనవరి నుంచి ఆ హద్దును బిల్లు పరిమాణాన్ని బట్టి కాక వ్యాపారి పరిమాణాన్ని బట్టి నిర్ణయించడం ప్రపంచ చరిత్రలోనే గమనించదగ్గ మలుపు: గడచిన ఏడాది టర్నోవర్ ఇరవై లక్షల రూపాయల లోపున్న వ్యాపారికి స్వైపింగ్ మిషన్ మీద 0.40 శాతం, అంతకు మించినవారికి 0.90 శాతం. డర్బిన్ సవరణలో లోపించిన విచక్షణ ఇందులో ఉంది. 2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్ కార్డు, యూపీఐ చెల్లింపులపై ఎండీఆర్‌ను ప్రభుత్వం పూర్తిగా తొలగించింది.

క్రెడిట్ కార్డుల రేటుకు మాత్రం రిజర్వు బ్యాంకు హద్దు పెట్టలేదు. అది బ్యాంకుకూ వ్యాపారికీ మధ్య బేరంగానే మిగిలింది. అందువల్ల స్వైపింగ్ మిషన్ తీసుకునే కిరాణా వ్యాపారి డెబిట్ రేటును నిబంధనల్లో చూసుకోగలడు గానీ, క్రెడిట్ రేటు, మిషన్ అద్దె, రుసుముపై జీఎస్టీ, డబ్బు జమ కావడానికి పట్టే రోజులు, ఒప్పందం మధ్యలో వదులుకుంటే కట్టవలసినది, వీటన్నిటినీ అడిగి రాయించుకోవలసిందే. 2022లో రూపే క్రెడిట్ కార్డును యూపీఐతో కలిపినప్పుడు, చిన్న వ్యాపారులకు రెండు వేల రూపాయల లోపు చెల్లింపులపై రుసుము ఉండరాదని నిర్ణయించారు. ఆ హద్దు దాటిన క్రెడిట్ చెల్లింపు, రుసుము లేని ఖాతా చెల్లింపు, రెండూ ఇప్పుడు ఒకే క్యూఆర్ బోర్డు మీదుగా వస్తాయి. ఏది ఎంత తీసుకుని వచ్చిందో తెలిసేది నెలవారీ లెక్కల చీటీలోనే.